హ్యామక్‌ను బిగించి కట్టకండి

అడవిలో పడుకోవాలని హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాల) కొన్నవాళ్లు మొదటిసారి ఎక్కువగా చేసే పొరపాటు, దాన్ని బట్టలారేసే తీగలా లాగి బిగించడం. వదులుగా ఉంటే నడుం వంగిపోతుందని భయం. కానీ నడుం వంగేది బిగించినప్పుడే. గుడ్డ అంచులు రెండు వైపులా భుజాలను నొక్కేస్తాయి, పక్కకు జరగడానికి చోటుండదు, రాత్రంతా విల్లులా వంగి పడుకోవాలి. పసిపిల్లలకు దూలానికి చీర ఉయ్యాల వేసేటప్పుడు ఎవరూ బిగించరు. హ్యామక్‌దీ అదే పద్ధతి, గుడ్డ వేలాడాలి.

చెట్టుకు కట్టిన పట్టీ నేలకు సమాంతరంగా ఉండే గీత నుంచి 30 డిగ్రీల వాలులో దిగాలి. దీన్ని చేత్తోనే చూసుకోవచ్చు. బొటనవేలు పైకి, చూపుడువేలు ముందుకు చాపితే, ఆ రెండు కొనలనూ కలిపే గీత దాదాపు 30 డిగ్రీల వాలు. ఈ వాలు సుఖం కోసమే కాదు. 70 కిలోల మనిషి పడుకుంటే 30 డిగ్రీల దగ్గర ఒక్కో పట్టీ మీద పడే లాగుడు కూడా 70 కిలోలే. వాలు 10 డిగ్రీలకు తగ్గితే అది 200 కిలోలు, 5 డిగ్రీలైతే 400. పట్టీలు తెగేదీ, కుట్లు విడిపోయేదీ, సన్నని చెట్లు లోపలికి వంగేదీ ఇలా బిగించినప్పుడే.

పట్టీ ఎంత ఎత్తులో చుట్టాలన్నది చెట్ల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. దూరంలో సగం తీసుకుని 0.58తో గుణించి, దానికి 45 సెంటీమీటర్లు కలపండి. చెట్ల మధ్య 4.5 మీటర్లుంటే సుమారు 1 మీటరు 75 సెంటీమీటర్లు వస్తుంది, అంటే మనిషి ఎత్తు. 6 మీటర్లుంటే 2 మీటర్లు దాటుతుంది, చెయ్యెత్తి కట్టాలి. ఆ 45 సెంటీమీటర్లు కూర్చున్నప్పుడు నేలకు ఉండాల్సిన ఎడం, మామూలు కుర్చీ ఎత్తు. అంతకన్నా పైకి కట్టాల్సిన పనే లేదు. కొత్త పట్టీ మొదటి పది నిమిషాల్లో కొంచెం సాగుతుంది కాబట్టి ఒకసారి కూర్చుని లేచి, మళ్లీ సరిచేసుకోండి.

చెట్టు ఏదైనా గుడ్డ ఒకే రకంగా వేలాడాలంటే రిడ్జ్‌లైన్ కట్టుకోవాలి. హ్యామక్ రెండు కొనలనూ పైనుంచి కలిపే సాగని సన్నని తాడు అది. దాని పొడవు హ్యామక్ పొడవులో 83 శాతం. 3.3 మీటర్ల హ్యామక్‌కు 2 మీటర్ల 75 సెంటీమీటర్లు. మీరు పడుకున్నాక దాన్ని రెండు వేళ్లతో పట్టి నొక్కితే కాస్త వంగాలి. వీణ తీగలా బిర్రుగా ఉంటే పట్టీలు ఇంకా వదలాలి.

ఇక పడుకునే తీరు. నిలువుగా మధ్యలో పడుకోకూడదు. తల ఎడమ అంచు వైపు, కాళ్లు కుడి అంచు వైపు పెట్టి ఏటవాలుగా పడుకుంటే గుడ్డ వెడల్పుగా పరుచుకుని వీపు దాదాపు చదునుగా ఆనుతుంది. కొందరికి అటుది ఇటు అయితే బాగుంటుంది, రెండూ చూడండి. కాళ్ల వైపు పట్టీ 15 నుంచి 20 సెంటీమీటర్లు పైకి కట్టండి. ఒంటి బరువు నడుం పైభాగంలోనే ఎక్కువ కాబట్టి, రెండూ సమానంగా కడితే తెల్లారేసరికి కాళ్ల వైపుకు జారిపోతారు. పిక్కల కింద గుడ్డ గట్టిగా గీతలా తగిలి మోకాళ్లు లాగేస్తుంటే మడిచిన తువ్వాలు ఒకటి మోకాళ్ల కింద పెట్టుకోండి.

చెట్టు ఎంచుకునేటప్పుడు ముందు పైకి చూడాలి. ఎండిన కొమ్మ ఒక్కటున్నా ఆ చెట్టు వదిలేయండి. నీలగిరి చెట్లు గాలి లేకపోయినా కొమ్మలు విడుస్తాయి. కొబ్బరి తోటలో కట్టాలనిపిస్తుంది కానీ గెలల కింద తల పెట్టుకోవద్దు. సరుగుడు తోటల్లో మొదళ్లు సన్నం, ఇసుకలో వేళ్ల పట్టు తక్కువ. అడ్డకొలత 15 సెంటీమీటర్లకు తగ్గని మొదలున్న బతికున్న చెట్టు కావాలి. వేప, మద్ది, ముదిరిన టేకు బాగుంటాయి. 2 మీటర్ల ఎడంతో వరసల్లో నాటిన టేకు తోటలో పక్క చెట్టు మరీ దగ్గర, ఒకటి వదిలి కడదామంటే మధ్య చెట్టు అడ్డం. చదరంగంలో గుర్రం నడిచినట్టు రెండు చెట్లు ముందుకు, ఒకటి పక్కకు లెక్కపెట్టండి. సరిగ్గా 4.47 మీటర్లు వస్తుంది, మధ్యలో ఏ చెట్టూ తగలదు. లంబసింగి, అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకి ఉంటుంది, దాని మీద పట్టీ చుట్టారంటే రైతు పంట నలిగిపోతుంది.

కొబ్బరి తాడు, నైలాన్ తాడు వాడొద్దు. సన్నని తాడు బెరడును కోస్తుంది, బెరడు కిందనే చెట్టుకు ఆహారం దిగే పొర ఉంటుంది. కనీసం 2.5 సెంటీమీటర్ల వెడల్పున్న పాలిస్టర్ పట్టీ కావాలి. నైలాన్ తడిస్తే సాగి, అర్ధరాత్రి వీపు నేలకు ఆనుతుంది. కొక్కేల మీద 12 kN (కిలోన్యూటన్లు) అని అచ్చు ఉండాలి, అంటే సుమారు 1,200 కిలోలు. తాళంచెవుల గొలుసుకు తగిలించే రంగుల కొక్కేలు చూడ్డానికి అలాగే ఉంటాయి, బరువు మోయవు.

చలి కింద నుంచి వస్తుంది. ఈ సంగతి తెలియక మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉన్నవాళ్లు కూడా వణుకుతారు. ఒంటి కింద బ్యాగులో కూరిన మెత్తటి పదార్థం నలిగి పలచబడిపోతుంది, నలిగితే వేడి ఆపదు. కింద నేల లేదు, గాలి ఆడుతూనే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గరే వీపు చల్లబడటం మొదలవుతుంది, లంబసింగి డిసెంబరు తెల్లవారుజాము సంగతి చెప్పనే అక్కర్లేదు. హ్యామక్ బయట, అడుగున వేలాడదీసే అండర్‌క్విల్ట్ అనే బొంత దీనికి అసలు మందు. అది వీపుకు ఆనుకునే ఉండాలి, మధ్యలో ఖాళీ ఉంటే చల్లగాలి చేరుతుంది. అది లేకపోతే ఫోమ్ చాప వేసుకోండి, కానీ అది జారుతుంది, భుజాల దాకా రాదు. రెండు పొరల హ్యామక్ అయితే చాపను పొరల మధ్య దూర్చితే కదలదు.

వాన కోసం కట్టే టార్ప్ హ్యామక్ కన్నా ప్రతి కొనలో కనీసం ఒక జాన పొడుగుండాలి. టార్ప్ బాగున్నా తడిసేవాళ్లుంటారు, ఎందుకంటే నీళ్లు చెట్టు మీంచి పట్టీ వెంట కారి లోపలికి వస్తాయి. టార్ప్ నీడ కిందకు వచ్చాక, హ్యామక్ కొనకు ముందు, పట్టీకి ఒక నూలు దారం చుట్టి కొస వేలాడనివ్వండి. కారే నీరు ఆ దారం వెంట నేలకు దిగిపోతుంది.

దోమతెర పైన మాత్రమే ఉంటే సరిపోదు. పలచటి నైలాన్ గుడ్డలోంచి దోమలు వీపు మీద కుడతాయి. మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతాల్లో చుట్టూ మూసే తెర కానీ, రెండు పొరల గుడ్డ కానీ తప్పదు. మామిడి చెట్టుకైతే ఆకులు కలిపి కుట్టినట్టున్న ఎర్ర చీమల గూళ్లు చూసుకోండి, పట్టీ వాటికి రోడ్డు.

అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవిలో రాత్రి బస చేయకూడదు. అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వుల్లో ఆ ఆలోచనే వద్దు. మొదటి పరీక్షకు తెలిసినవాళ్ల తోట చాలు. పగలు రెండు గంటలు పడుకుని వాలు, కాళ్ల ఎత్తు సరిచూసుకుని, పట్టీ ఏ ముడికి కుదిరిందో గుర్తుపెట్టుకోండి. చెప్పులు నేల మీద వదలకుండా రిడ్జ్‌లైన్‌కు తగిలించండి. రాత్రి దిగేటప్పుడు లైటు వేసి వాటిని ఒకసారి దులిపి తొడుక్కోండి. నేలమీదున్న చెప్పుల్లోకి తేలు దూరుతుంది.