వియ్యాలవారితో పందెం

ఆదివారం, చొల్లంగి అమావాస్య. రాత్రి తొమ్మిది దాటింది.

భుజాలు పైకి లేవడం లేదు. అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలి. రేపు స్కూలు తెరుస్తారు. పిల్లల నోటుపుస్తకాల్లో పడ్డానంటే ఇందులో సగం మర్చిపోతాను.

ఇవాళ అడ్వెంచర్ రేసుకి వెళ్ళాం. పరుగు, సైకిల్, కయాక్ అన్నీ కలిపి నలుగురేసి జట్లుగా చేసే పందెం. ఫలితం ముందే రాసేస్తాను. పాలకొల్లు వాళ్ళు మూడో స్థానం, మేం నాలుగు. మధ్య తేడా రెండు నిమిషాలు కూడా లేదు. మొదటి రెండు జట్లూ ఎప్పుడో వెళ్ళిపోయారు, వాళ్ళ స్థాయి వేరు. మాకు మాత్రం పొద్దున్నుంచీ కళ్ళముందు ఉన్నది ఒక్క జట్టే.

మా జట్టులో నేను, తమ్ముడు, వాడి భార్య, మా స్కూలు పీఈటీ మాస్టారు. మరదలి పుట్టిల్లు వశిష్ఠ గోదావరికి అవతల, పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆ జట్టుకి నాయకుడు వాళ్ళ పెద్దన్నయ్యే. మా తమ్ముడికి బావ, నాకు మరిది వరస. పండక్కి ఎవరింట్లో కలిసినా వాళ్ళిద్దరికీ ఏదో ఒక పోటీ ఉండాల్సిందే. 2022లో జిల్లాలు విడదీశాక మాది కోనసీమ జిల్లా అయింది గానీ, నోటికి ఇంకా ‘తూర్పోళ్ళు, పశ్చిమోళ్ళు’ అనే వస్తుంది. ఈ పందెం సంగతి తెలిసిన రోజునే రెండు గట్ల వాళ్ళూ పేర్లిచ్చేశారు.

పెట్టింది కాకినాడ కుర్రాళ్ళు. తెల్లవారుజామున రాజోలులో పరుగుతో మొదలు. శివకోడు వైపు తోటల్లోంచి గట్టెక్కి, అక్కణ్ణుంచి సైకిళ్ళ మీద దిండి. దిండిలో కయాక్ ఎక్కి వశిష్ఠ మీద సఖినేటిపల్లి రేవు. మళ్ళీ సైకిల్ మీద అంతర్వేది, చివరికి ఇసుకలో పరిగెత్తి అన్నాచెల్లెళ్ళ గట్టు. అన్నీ కలిపి 50 కిలోమీటర్ల పైచిలుకు. ఫోన్లు కవర్లో పెట్టి సీలు వేసేశారు. చేతికి ఒక మ్యాపు, ఒక కంపాస్, చెక్‌పాయింట్ల దగ్గర పంచ్ వేసుకోవడానికి ఒక కార్డు. దారి మనమే వెతుక్కోవాలి. నలుగురూ ఒకరికొకరు 50 మీటర్ల లోపే ఉండాలి. ముగ్గురు ముందొచ్చి నిలబడినా నాలుగో మనిషి వచ్చేదాకా పంచ్ వెయ్యనివ్వరు.

చీకట్లో నిలబడి ఉండగా మాస్టారు ఈ ఆట ఎక్కడ పుట్టిందో చెప్పారు. 1989లో గెరార్డ్ ఫ్యూసిల్ అనే ఫ్రెంచి పాత్రికేయుడు న్యూజిలాండ్‌లో రెయిడ్ గోల్వాజ్ అని పెద్ద పందెం పెట్టాడట. జట్టుకి ఐదుగురు, అందులో ఒక్క ఆడమనిషైనా ఉండాలని మొదట్లోనే నియమం. ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నలుగురే, ఆడా మగా కలిసే ఉండాలి. మాకూ అదే నియమం పెట్టారు. నిన్న సాయంత్రం పేర్ల దగ్గర ఒకాయన “రూలు కోసం ఒకళ్ళు చాలు కదండీ, మీరిద్దరెందుకు?” అన్నాడు. మరదలు ఏమీ అనలేదు. ఇవాళ ఏట్లో ఆ పిల్ల చేసిన పని ఆయన చూసి ఉంటే బాగుండేది.

మంచు బాగా పట్టింది. తలకి కట్టుకున్న లైట్లు పది అడుగుల అవతలికి పారడం లేదు. కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని, ఈ తోటల్లో దారి తప్పుతానని ఎప్పుడూ అనుకోలేదు. కానీ మనకి తెలిసినవి రోడ్లూ బస్సులూ. తోటలోంచి తోటలోకి వెళ్ళాలంటే అడుగడుక్కీ నీళ్ళే. ఒక పంట కాలువ, దాని పక్కన బోదె, ఆపైన మురుగు కాలువ. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక అల్లుకున్న కాలువలు కదా, ఈ నేలలో నీళ్ళకున్న దారులు మనుషులకి లేవు. మ్యాపులో కాలువలన్నీ ఉన్నాయి, వాటిని ఎక్కడ దాటాలో మాత్రం లేదు. ఒకచోట గుర్రపుడెక్క నిండా కమ్మేసిన కాలువ దగ్గర ఆగిపోయాం. పొద్దున్నే కొబ్బరికాయలు పోగేస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి, ఎవరు ఏమిటని కూడా అడక్కుండా, “ఆయ్, అటు కాదండి. ఆ రాశి పక్కనుంచి వెళ్ళండి, తాటి దుంగేసి ఉందండి” అన్నారు. ఊరివాళ్ళని అడగొచ్చు, అది తప్పు కాదు. ఆ దుంగ మీద నలుగురం చేతులు పట్టుకుని దాటాం. వెనక్కి చూస్తే పశ్చిమోళ్ళ లైట్లు నాలుగూ ఆ కాలువ అవతలే అటూ ఇటూ తిరుగుతున్నాయి. పెద్దాయన వాళ్ళకీ అదే మాట చెప్పారు. చెప్పరా మరి.

ఏటిగట్టు మీద సైకిల్ గురించి ఎక్కువ రాయను. నాకు అదే కష్టం, మిగతా ముగ్గురికీ అది తేలిక. గట్టెక్కిన కాసేపటికే తమ్ముడు తన సీటు వెనక కట్టిన సాగే తాడు తీసి నా హ్యాండిల్‌కి తగిలించాడు. “అక్కా, కాళ్ళు ఆడిస్తూ ఉండు చాలు” అన్నాడు. ఈ పందేల్లో అందరూ చేసే పనే ఇది. బలమున్నవాళ్ళు తాడు కడతారు, బరువు తీసుకుంటారు. ఈ ఆటంటే నాకింత ఇష్టం దీనివల్లే. విడిగా పరిగెత్తితే నేను చివర్లో ఉంటాను, తమ్ముడు ముందుంటాడు, అంతే. ఇక్కడ ఎవరికి ఎప్పుడు ఏం కావాలో నోరు తెరిచి చెప్పుకోవాలి. అలసిపోయాక కాదు, అలసిపోకముందే చెప్పాలి. నా సంచీ మాస్టారు ఎప్పుడు తీసుకున్నారో కూడా నాకు తెలీదు.

ఇంక ఏరు.

దిండి చేరేసరికి తొమ్మిది దాటింది. మంచు విడిచి ఎండ కాస్తోంది. చించినాడ వంతెన పైనుంచి లారీలు పోతున్నాయి. సైకిళ్ళు అక్కడ అప్పగిస్తే వ్యానులో సఖినేటిపల్లి పంపిస్తారు. ఇద్దరేసి పట్టే కయాక్‌లు రెండు ఇచ్చారు. లైఫ్ జాకెట్లు బిగించుకుంటుంటే మరదలు ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూస్తోంది. “వదినా, ఆ దుబ్బులు చూడండి” అంది. గుర్రపుడెక్క దుబ్బులు సముద్రం వైపు పోవడం లేదు, నెమ్మదిగా వంతెన వైపు ఎక్కుతున్నాయి. అమావాస్య పోటు. సముద్రం దగ్గర అప్పటికే నిండి ఉంటుంది, ఇక్కడికి ఆ నీరు చేరి ఆగేసరికి ఇంకో ముప్పావుగంటైనా పడుతుందని లెక్క చెప్పింది. ఏటి ఒడ్డున పుట్టిన పిల్ల. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో పడవ మీద లంక పొలానికి వెళ్ళేదట.

రెండే దారులు. పోటుకి ఎదురుగా ఇప్పుడే బయల్దేరడం, లేదా నీరు నిలిచేదాకా కూర్చోవడం. మేం బయల్దేరాం. నడి ఏట్లోకి వెళ్ళకుండా మా గట్టు వారనే, కొబ్బరి చెట్ల నీడ పడేంత దగ్గరగా. అక్కడ ఎదురు నీటి జోరు తక్కువ. మరదలు ముందు కూర్చుని తెడ్డు వేస్తూ, నాకు వినపడేలా “ఒకటి, రెండు” అని లెక్క చెబుతూ పోయింది. తమ్ముడూ మాస్టారూ మా వెనకే.

కాసేపటికి పశ్చిమోళ్ళు దిండి చేరారు. దిగలేదు! ఒడ్డున కూర్చుని డబ్బా విప్పారు. మరదలు మెడ తిప్పి చూసి, “మా అన్నయ్య పోకుండలు తింటున్నాడు వదినా. నీరు నిలిచాక దిగుతాడు. మా నాన్న దగ్గర నేర్చుకున్నదే” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతులో టెన్షన్ ఉంది, గర్వమూ ఉంది. ఒకే తండ్రి దగ్గర ఏరు నేర్చుకున్న ఇద్దరు, చెరొక లెక్క వేశారు.

పది దాటాక దుబ్బులు నిలిచిపోయాయి. నీరు కొంచెంసేపు ఎటూ కదల్లేదు. తర్వాత మెల్లిగా ఆటు మొదలైంది. “ఇప్పుడు లోపలికి” అంది మరదలు. ఒడ్డు వదిలేసి లోతు నీళ్ళలోకి తిప్పాం. పోటుకి ఎదురెళ్ళేటప్పుడు గట్టు కావాలి, ఆటుతో పోయేటప్పుడు నడి ఏరు కావాలి. అప్పుడు తెడ్డు తేలికైపోయింది. గట్టు మీది చెట్లు గబగబా వెనక్కి పోతున్నాయి. ఈ ఏటిని ఎప్పుడూ వంతెన మీంచో, పంటు మీంచో అడ్డంగా దాటడమే తప్ప దానితోపాటు కిందికి పోలేదు. రెండు గట్లూ ఒకేసారి కనిపిస్తాయి, మధ్యలో కూర్చుంటే. ఆ గట్టున బట్టలు ఉతికేవాళ్ళు చెయ్యి ఊపారు, ఈ గట్టున గేదెల్ని కడుగుతున్న పిల్లలు కేకలు వేశారు. నాకు చాలా ఆనందంగా ఉంది. ఎవరు ముందో ఎవరు వెనకో కాసేపు మర్చిపోయాను.

మాస్టారు మర్చిపోలేదు. “వచ్చేస్తున్నారు” అన్నారు. విశ్రాంతి తీసుకున్న చేతులు కదా, పశ్చిమోళ్ళు జోరుగా వస్తున్నారు. నరసాపురం ఇళ్ళు కనపడేసరికి పక్కపక్కకి వచ్చేశాం. తమ్ముడి బావగారు అక్కణ్ణుంచే “ఏం వదినగారూ, చేతులు నొప్పులా?” అని అరిచాడు. “మీకు తిన్నది అరిగిందా?” అన్నాను. సఖినేటిపల్లి రేవులో రెండు జట్లూ ఒకే బురదలో దిగాం.

సైకిళ్ళ మీద బయల్దేరాక గాలి తిరిగింది. సముద్రపు గాలి, మొహానికి ఎదురు. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు, ఏరియేటర్ల చప్పుడు. మేం ముందున్నాం. ఇంతలో వెనక టప్‌మని శబ్దం. వాళ్ళలో చిన్నవాడి చైన్ తెగింది. మా తమ్ముడు బ్రేకు వేశాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. మరదలు అప్పటికే సంచీలోంచి చైన్ కలిపే లింకు తీస్తోంది. వెనక్కి వెళ్ళి వాళ్ళన్నయ్య చేతిలో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి సైకిలెక్కింది. ఇంకో జట్టుకి సాయం చెయ్యకూడదని ఎక్కడా లేదు. ఉన్నా మాకు పట్టింపు లేదు. చైన్ తెగిన వాళ్ళమీద గెలిచి ఆ రాత్రి వాళ్ళింట్లో భోజనానికి ఎలా కూర్చుంటాం?

అంతర్వేదిలో అమావాస్య స్నానాలకి వచ్చిన జనం. నరసింహస్వామి గోపురానికి దణ్ణం పెట్టుకుని, సైకిళ్ళు వదిలి ఇసుకలో పడ్డాం. తడి ఇసుక మీద పరిగెత్తాలని అందరికీ తెలుసు, కానీ తడి ఇసుక మీదే జనం. సగం దూరంలో ఉండగా పశ్చిమోళ్ళు నలుగురూ మా పక్కనుంచి వెళ్ళిపోయారు. చైన్ తెగిన కుర్రాడి చెయ్యి బావగారు పట్టుకుని లాక్కుపోతున్నాడు. మేం నలుగురం చేతులు కలిపి వాళ్ళ వెనకే పోయాం. తమ్ముడు ఒక్కడే అయితే వాళ్ళని అందుకునేవాడు. చెయ్యి వదల్లేదు.

అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట మా కార్డు మీద ఆఖరి పంచ్ పడింది. మరదలు వెళ్ళి వాళ్ళన్నయ్య పక్కన ఇసుకలో కూలబడింది. ఆయన డబ్బాలో మిగిలిన అరిసె సగం విరిచి చెల్లెలికిచ్చాడు.

అప్పుడు మొదలైంది వాదన. మేం ఆగకుండా బయల్దేరడం మంచిదా, వాళ్ళు ఆగి బయల్దేరడం మంచిదా? రేవు దగ్గరికి ఇద్దరం ఒకేసారి వచ్చాం కాబట్టి ఏదీ తేలలేదు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద దాటుతూ కూడా అదే గొడవ. పంటు రెయిలింగ్ మీద మ్యాపు పరిచి, బావగారు వేలితో నడి ఏరు చూపిస్తే, మాస్టారు గట్టు వార చూపించారు. పాలకొల్లులో భోజనాల దగ్గర వాళ్ళ నాన్నగారిని అడిగాం. ఆయన పులుసు కలుపుకుంటూ ఇద్దరి లెక్కలూ విన్నారు. “రెండూ సరే. చేతుల్లో ఎంత ఉందన్నదాన్ని బట్టి” అన్నారు. ఆ తీర్పు ఎవరికీ నచ్చలేదు.

చివరికి ఇలా కుదిరింది. మాఘ పౌర్ణమి కూడా ఆదివారమే వస్తోంది. పౌర్ణమికీ పోటు దాదాపు ఇదే వేళకి ఎక్కుతుంది. అంతర్వేదిలో అప్పుడు తీర్థం జనం ఉంటారు కాబట్టి ఇసుకా పరుగూ వద్దు, దిండి నుంచి సఖినేటిపల్లి దాకా ఏరు మాత్రమే. ఈసారి మేం ఆగి బయల్దేరాలి, వాళ్ళు ఆగకుండా బయల్దేరాలి. కయాక్‌లు అద్దెకి మాట్లాడే పని తమ్ముడిది. పోకుండలు మాత్రం వాళ్ళే చేసి పంపాలని మరదలు షరతు పెట్టింది.