నత్తితోనే ఎస్జీటీకి చదివాను

ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదివేవాళ్లలో ఎక్కువమందికి సిలబస్ భయం. నేను చదివింది ఎస్జీటీకి, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకి. నా భయం వేరు, నాకు నత్తి. 'క', 'ప'లతో మాట మొదలైతే చాలు, అక్కడే ఆగిపోతాను. టీచర్ ట్రైనింగ్ కోర్సు డీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్లినప్పటి నుంచీ ఒకటే దిగులు. పిల్లలకు చదువు చెప్పడమే దేవుడు నాకిచ్చిన పని అని నమ్ముతాను కదా, మరి ఈ నాలుకిచ్చి ఆ పనికి ఎందుకు పిలిచినట్టు?

నమ్మగానే భయం పోయిందని చాలామంది సాక్ష్యం చెబుతారు. నాకలా జరగలేదు. నన్ను నిలబెట్టింది బైబిల్లోని మోషే. నిర్గమకాండం 3, 4 అధ్యాయాలు తీరిగ్గా చదవండి. తన ప్రజల్ని ఐగుప్తు బానిసత్వం నుంచి బయటికి తెమ్మని దేవుడు పిలిస్తే, మోషే తనకు మాట సరిగా రాదంటాడు, ఆఖరికి ఇంకెవరినైనా పంపమంటాడు. దేవుడు 'నీకేం తక్కువ' అని పొగడడు. ఆ మాట ఇబ్బందిని బాగుచేసినట్టూ అక్కడ లేదు. తోడుంటానంటాడు, మాట్లాడటానికి అన్న అహరోనును జత చేస్తాడు. ఐగుప్తు రాజు ఫరో ముందుకు వెళ్లేసరికి మోషేకి 80 ఏళ్లు. మన ఏపీ మెగా డీఎస్సీలో అయితే ఓసీలకు 44 దాటితే అప్లికేషనే తీసుకోలేదు!

2025లో ఆ నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది, జూన్ 6 నుంచి పరీక్షలు. 16,347 పోస్టులని సంబరపడేలోపే గడువు చూసి స్టడీ హాలంతా టెన్షన్. నాకు మాత్రం అప్పుడే ఒక సంగతి తట్టింది. 160 బిట్లు, ఒక్కోటి అర మార్కు, అంతా కంప్యూటర్ మీదే. ఇంటర్వ్యూ లేదు. నత్తి వల్ల ఇక్కడ అర మార్కు కూడా పోదు. పిల్లల ముందు నిలబడే భయాన్ని ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు, ఇప్పుడు చదవాల్సింది లెక్కలు. పైగా టీచర్ అర్హత పరీక్ష టెట్‌ మార్కులకిచ్చే 20 మార్కుల వెయిటేజీలో వెనకబడి ఉన్నాను. పొద్దున్నే కాసేపు ప్రార్థన, ఆ తర్వాత అకాడమీ పుస్తకాలే.

నాకు అహరోనుగా దొరికింది స్కూల్ అసిస్టెంట్ గణితానికి చదివే ఒక అక్క. ఆవిడ నాకు కసాగు, గసాభా చెప్పేది. సైకాలజీ నేను ఆవిడకి చెప్పేదాన్ని. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో సైకాలజిస్టు పియాజే చెప్పిన దశల్లో 'పూర్వ ప్రచాలక' దగ్గర నేను ఆగితే ఆవిడా ఆగేది, మాట అందించేది కాదు. అలా పైకి చెప్పి చదివిన చాప్టర్లే పరీక్షలో బాగా గుర్తొచ్చాయి.

పోస్టు వచ్చింది. నత్తి అలాగే ఉంది, కొత్త పాఠం మొదలుపెట్టే రోజు కడుపులో ఇప్పటికీ తిప్పుతుంది. కానీ రాగం తీసి పాడితే మాట ఆగదు. అందుకే మా తరగతిలో గేయాలు కాస్త ఎక్కువ. మీలో ఎవరికైనా ఇదే ఇబ్బంది ఉంటే ప్రాథమిక తరగతుల తెలుగు వాచకాల్లోని గేయాలు ఇప్పటినుంచే పాడుతూ చదవండి, కంటెంట్ బిట్లకూ పనికొస్తాయి.