ఇంట్లో ఉన్న ఇంజను మాదేనని నిరూపించడానికి మూడు వారాలు

నిన్న సాయంత్రం నాలుగింటికి మా పడవ రిజిస్ట్రేషన్‌లో కొత్త ఇంజను నంబరు ఎక్కింది. ఏప్రిల్ 15కి ఇంకా మూడు రోజులుంది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పెద్ద మర పడవలు వేటకు పోకూడదు. మాలాంటి చిన్న ఫైబర్ బోట్లకు తమిళనాడులో ఆ నిషేధం లేదు. ఏడాది మొత్తంలో చేపకు మంచి ధర పలికేది అప్పుడే. ఆ రెండు నెలలు పోతే మాకు సంవత్సరం పోయినట్టే. అందుకే ఇంత ఆత్రం పడ్డాను.

మాది చెన్నై ఎన్నూరు. మామయ్య వాళ్లు తడ దగ్గర నుంచి ముప్పై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చారు. ఇంట్లో తెలుగు, రేవులో తమిళం. పడవ మామయ్య పేరు మీద ఉంది, వేటకు పోయేది మా ఆయన, మరిది. లెక్కలూ కాగితాలూ నావి. బీకాం చదివాను. పెళ్లయినప్పటి నుంచి మా పడవ లెక్కలో ఒక్క రూపాయి తేడా రాలేదు, ఈ మాట ఎక్కడైనా చెప్పగలను.

పాత ఇంజను 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్. పదకొండేళ్లు నడిచింది. 2023 డిసెంబరులో వరద నీళ్లతో పాటు క్రీక్‌లోకి నూనె కొట్టుకొచ్చినప్పుడు వలలు పోయాయి గానీ ఇంజను నిలబడింది. ఈ ఫిబ్రవరిలో మాత్రం చేతులెత్తేసింది. తాడు ఇరవై సార్లు లాగితే గానీ అంటుకోదు. ఒకరోజు తెల్లవారుజామున సరిగ్గా ముఖద్వారం దగ్గర, అల లేచే చోట ఆగిపోయింది. అన్నదమ్ములిద్దరూ తెడ్లు వేసుకుంటూ బయటపడ్డారు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన అన్నం ముట్టలేదు.

మెకానిక్ విప్పి చూస్తే సిలిండర్ గోడ నిండా గీతలు. అడుగున గేరు పెట్టెలో నూనె పాలలా తెల్లగా ఉంది. అంటే సీలు పోయి లోపలికి నీళ్లు దిగాయని. బాగుచేయడానికి 38,000 అన్నాడు, అది కూడా గ్యారంటీ లేకుండా. కొత్త ఇంజను ధర అడిగితే లక్షన్నర దాటింది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మామూలుగా 40 శాతం, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం సాయం ఉంటుంది. కానీ దరఖాస్తు పెట్టి, వరస వచ్చేదాకా పడవ ఒడ్డున పెట్టుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. తీరిక ఉన్నవాళ్లు మాత్రం పథకం ఇంకా నడుస్తోందో లేదో కనుక్కుని కాగితాలు పెట్టుకోండి, కుదిరితే ఇంట్లో ఆడవాళ్ల పేరు మీద.

చేతిలో ఉన్నది చీటీ పాడిన 40,000, గొలుసు కుదువ పెట్టిన 25,000. కాసిమేడులో ఒక దుకాణంలో నిగనిగలాడే ఇంజను చూపించారు. కొత్తగా వేసిన రంగు కింద ఉప్పు తిన్న బొల్లులు నా గోటికి తగిలాయి. పాత ఇంజనుకు కొత్త రంగు వేసినవాడి దగ్గర ఏమీ కొనకండి, వాడు ఏదో దాస్తున్నాడు. చివరికి పులికాట్‌లో ఒకాయన పెద్ద ఇంజను కొనుక్కుని తన పాతది 58,000కి ఇచ్చాడు. మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాం. రెండు సిలిండర్లకూ గేజి పెట్టి చూశాడు, కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, దాదాపు సమానంగా ఉంది. నీళ్ల డ్రమ్ములో దించి నడిపితే పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి నీళ్లు ఆగకుండా పడ్డాయి. ఆ ధార సరిగ్గా రాకపోతే ఇంజను చల్లబడటం లేదని అర్థం. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తేవద్దు. షాఫ్ట్ పొడవు, అంటే నీళ్లలోకి దిగే కాలు పొడవు, కూడా టేపు పెట్టి కొలవండి. 15 అంగుళాలది ఒకటి, 20 అంగుళాలది ఒకటి ఉంటాయి. మా పడవ వెనక చెక్క ఎత్తుకు 20 కావాలి. ఆటోకు 2,500, మెకానిక్‌కు 1,500, ప్లగ్గులకూ నీళ్ల పంపు రబ్బరు చక్రానికీ 1,800. మొత్తం 63,800 అయింది. ఇంకా 1,200 మిగిలింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

రిజిస్ట్రేషన్‌లో ఇంజను నంబరు మార్పించాలి. అది పడవలో ఉన్న ఇంజనుతో కలవకపోతే రేపు ఏ సాయం అడిగినా నిలబడదు. ఆఫీసు పేరు రాయను. మొదటి రోజు మామయ్యా నేనూ వెళ్లాం. గుమాస్తా కాగితాలు తిరగేసి పాత ఇంజను నంబరు ప్లేటు ఫోటో అడిగాడు. ఆ ప్లేటు ఉప్పు తినేసి ఉత్త తెల్ల రేకు అయింది, అక్షరం కనిపించదు. ఆ మాటే చెప్పాను. వెంటనే గొంతు పెంచి, "అది మీ ఇంజనేనని ఏంటి రుజువు? ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో ఎవరికి తెలుసు?" అన్నాడు. వెనక లైనులో పది మంది ఉన్నారు, అందులో ముగ్గురు మా రేవు వాళ్లు. డెబ్భై ఏళ్ల మామయ్య తలొంచుకుని నిలబడ్డాడు. ఆయన జీవితంలో ఒకరి వలలోంచి ఒక రొయ్య తీసి ఎరగడు. నేను బదులు చెప్పబోతే గుమాస్తా నన్ను చూడకుండానే, "ఇంట్లో మాట్లాడే మగవాళ్లు లేరా?" అని మామయ్యను అడిగాడు.

బస్సులో మామయ్య ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక, "నువ్వు ఇంక అక్కడికి రావద్దమ్మా, నా వల్లే నీకీ మాట" అన్నాడు. ఆ మాటకే నాకు పట్టుదల వచ్చింది.

రెండోసారి నేనొక్కదాన్నే వెళ్లాను. గుమాస్తా నాళైక్కు వాంగ, రేపు రండి, అన్నాడు. మర్నాడు వెళ్తే సార్ లేరు. నాలుగోసారి వెళ్తే ఒక సలహా ఇచ్చాడు. ఇంజను పోయిందని పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చి సర్టిఫికెట్ తెస్తే పని సులువవుతుందట. మా ఇంటి వెనక వేపచెట్టు కింద, గోనెసంచి కప్పి ఉన్న ఇంజను పోయిందని నేనెట్లా రాసివ్వాలి? చుట్టుపక్కల వాళ్లందరూ రాసిచ్చేయమనే అన్నారు. మా ఆయన కూడా మెత్తబడ్డాడు. నేను ఒప్పుకోలేదు. అబద్ధం చెప్పనివాళ్లను దొంగలంటారు, అబద్ధం రాసిస్తే ముద్ర వేసి పంపుతారు. ఇది ఎక్కడి పద్ధతి? పేదవాళ్లకు మిగిలింది ఒక్క మాటే, దాన్ని కూడా వీళ్లే అమ్ముకోమంటే ఎట్లా?

దారి చూపించింది రేవులోని ఒక ముసలి మెకానిక్. ఆయన్ను అందరం తాతా అంటాం. "ప్లేటు పోతే ఏమమ్మా, ఒంటి మీద చూశావా?" అన్నాడు. ఇంటికొచ్చి ఇంజను పై మూత విప్పాడు. పాత టూత్‌బ్రష్‌ను కిరోసిన్‌లో ముంచి సిలిండర్ బ్లాక్ పక్కన రుద్దాడు. నల్లటి జిడ్డు కింద అర్ధరూపాయి అంత గుండ్రటి బిళ్ల తేలింది. గుడ్డతో తుడిచి సుద్దముక్క అడ్డంగా రాశాడు. గుంటల్లో తెల్లగా సుద్ద నిలిచి అంకెలు ఒక్కొక్కటే కనిపించాయి. పడవ కాగితం పక్కన పెట్టుకుని మామయ్య గట్టిగా చదివాడు. చివరి అంకె దాకా అదే నంబరు. పల్చటి కాగితం అదిమి పట్టి పెన్సిల్‌తో రుద్ది మూడు అచ్చులు తీశాను. ఫోన్‌లో ఫోటో, వీడియో కూడా తీశాను. తాత డబ్బు పుచ్చుకోలేదు, టీ తాగి వెళ్లాడు.

మీ పాత ఇంజను బాగున్నప్పుడే ఆ బిళ్ల ఎక్కడుందో చూసుకుని అచ్చు తీసి పెట్టుకోండి. అమ్మేవాడి దగ్గర రాతకోతలు లేకుండా, పడవ కాగితం నకలు లేకుండా సెకండ్ హ్యాండ్ ఇంజను తేవద్దు. పులికాట్ ఆయన అడక్కుండానే రెండూ ఇచ్చాడు కాబట్టి ఆ వైపు నాకు ఇబ్బంది రాలేదు.

నిన్న మామయ్యను బలవంతంగా వెంట తీసుకెళ్లాను. గుమాస్తా దగ్గర కాకుండా నేరుగా లోపల పెద్దాఫీసరు టేబుల్ మీద పెన్సిల్ అచ్చు, ఫోటో, పాత కాగితం పక్కపక్కన పెట్టాను. ఆయన రెండు నిమిషాలు చూసి, "ఇంత స్పష్టంగా ఉంటే ఇన్నాళ్లు ఎందుకు ఆపారు?" అని గుమాస్తాను పిలిచి అడిగాడు. అతను నా ముఖం చూడలేదు. సంతకం అయింది. బయటకొచ్చాక మామయ్య ఆ కాగితం మడతపెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని బస్సెక్కాడు.

ఇవాళ పొద్దున ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టి దించారు. రెండో లాగుకే అంటుకుంది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజనుకు పోసే నూనె, నేనే కొలిచి కలిపాను. మూడు గంటలకు తిరిగొచ్చారు, వంజరం నాలుగే పడ్డాయి. మామయ్య మాత్రం పడవ ఒడ్డెక్కక ముందే బకెట్ మంచినీళ్లు పట్టుకుని ఇంజను కడగడానికి నీళ్లలోకి దిగిపోయాడు.