పాలో డ్యూరోలో నాన్నతో

శనివారం రాత్రి, అమరిల్లో ఊరు, టెక్సస్

బూట్లు రెండుసార్లు దులిపినా ఎర్రమట్టి వదల్లేదు. నాన్న ప్యాంటు అంచులకైతే బాగా పట్టేసింది.

నిన్న డాలస్ నుంచి ఆరు గంటలు కారులో వచ్చాం. పొద్దున్నే పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కుకు బయల్దేరాం. దారంతా బల్లపరుపు నేల, ఎక్కడా లోయ జాడే లేదు. ఉన్నట్టుండి నేల తెగిపోయి, కింద ఎర్రటి రాతి గోడలు! రెడ్ రివర్ పాయ ఒకటి కోసుకుంటూ పోయిన లోయ ఇది. దాదాపు 120 మైళ్ల పొడవు, 800 అడుగుల లోతు. 1930ల మాంద్యంలో పనుల్లేనివాళ్లకు పనిచ్చిన సీసీసీ పథకం కిందే లోయలోకి రోడ్డు వేశారని చెప్తే, "మన కరువు పనుల మాదిరి" అన్నాడు నాన్న. సరిగ్గా అదే.

లోయలోని లైట్‌హౌస్ ట్రైల్ అనే కాలిబాట రానుపోను ఆరు మైళ్లు. ఎండ ముదిరేలోపు నడవగలిగినంత నడుద్దామని నీళ్లు, చిత్రాన్నం డబ్బా సర్దుకున్నాం. నాన్న ప్రతి చెట్టు దగ్గరా ఆగాడు. మెస్కీట్ కొమ్మ వంచి ముల్లు చూసి, "ఇది మన సర్కారు కంపే కదరా!" అన్నాడు. నిజమే, దానికి దగ్గరి చుట్టమే. గోడల్లో అడ్డంగా తెల్లటి జిప్సం చారలు. రాలిపడిన ముక్కొకటి చేతిలోకి తీసుకుంటే పట్టు పోగులు పేర్చినట్టు సన్నటి గీతలు, గోటితో గీకితే పొడి రాలింది. చూసి, ఎక్కడిదక్కడే పెట్టేశాం.

తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడ జరిగిన యుద్ధం గురించి నాన్నకు చెప్పాను. 1874 సెప్టెంబర్ 28న కల్నల్ మెకెంజీ నడిపిన అమెరికా సైన్యం ఈ గోడల మీది నుంచి దిగి, చలికాలానికి ఇక్కడ గుడారాలు వేసుకున్న కొమాంచీ, కయొవా, షయన్ అనే ఇక్కడి ఆదివాసీ తెగల జనం మీద పడింది. చనిపోయిన మనుషులు తక్కువే. కానీ గుడారాలు, దాచుకున్న తిండి తగలబెట్టారు. సుమారు 1400 గుర్రాలను పట్టుకున్నారు. కొన్ని తమవాళ్లకిచ్చి, వెయ్యికి పైగా గుర్రాలను టూలే అనే ఇంకో లోయలో తుపాకులతో కాల్చేశారు. వేటకు గుర్రం లేదు, చలికి గుడారం లేదు. ఆ జనం నడుచుకుంటూ పోయి, రిజర్వేషన్లలో, అంటే ప్రభుత్వం వాళ్లకు కేటాయించిన ప్రాంతాల్లో, లొంగిపోయారు. 1876 కల్లా చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి తన మందను ఇదే లోయలోకి తోలుకొచ్చాడు.

నాన్న నడక ఆపేశాడు.

"గుర్రాలేం చేసినాయిరా వాళ్లను?"

నేనేం చెప్పను! నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, కరువు ఏడాది, మేత లేక ఎద్దుల జతను సంతకు తోలాడు. సాయంత్రం పగ్గాలు భుజాన వేసుకుని ఒక్కడే వచ్చాడు. వాటిని గుంజకు తగిలించి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ పగ్గాలు చాలా ఏళ్లు అక్కడే వేలాడాయి. ఈ మధ్యాహ్నం లోయలో నాన్న ముఖం అచ్చం ఆ రోజులాగే ఉంది.

చిత్రాన్నం సగం అలాగే మిగిలింది.

ఇందాక పడుకోబోతూ టూలే లోయ ఎంత దూరమని అడిగాడు. మ్యాప్‌లో చూశాను. రేపు ఇంటికి వెళ్లడానికి కాస్త చుట్టుదారి అవుతుంది. పొద్దున్నే ఆరింటికి లేవాలి.