కరోనరీ సర్క్యులేషన్ ఎట్లా చదవాలె: ఫస్టియర్ ఫిజియాలజీ రాసేవాళ్లకు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల్లో ఫస్టియర్ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: కరోనరీ సర్క్యులేషన్, అంటే గుండె కండరానికే రక్తం అందించే ప్రసరణ. ఈ టాపిక్‌ను బట్టీ పట్టకండి. ఒక్క అంకె గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తది.

ఆ అంకె 70 శాతం. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె కండరం తనకు అందిన రక్తంలోంచి 70 శాతం దాకా ఆక్సిజన్ లాగేసుకుంటది. ఒళ్లు మొత్తం మీద చూస్తే ఇది 25 శాతమే. అంటే ఇంకా లాగడానికి గుండెకు పెద్దగా మిగలదు. పని పెరిగితే రక్తమే ఎక్కువ రావాలె. రెస్ట్‌లో నిమిషానికి సుమారు 225–250 మి.లీ. వస్తది, కార్డియాక్ అవుట్‌పుట్‌లో (గుండె నిమిషానికి పంపే మొత్తం రక్తంలో) 4–5 శాతం. గట్టి వ్యాయామంలో అది మూడు నాలుగు రెట్లు అవుతది.

ఈ ఫ్లోను ఏది పెంచుతది? ఇక్కడే చాలామంది సింపథెటిక్ నరాలతో (గుండె వేగం, బలం పెంచే నరాలు) మొదలుపెట్టి మార్కులు పోగొట్టుకుంటరు. ముందు మెటబాలిక్ కంట్రోల్ రాయండి, అంటే కండరం పనిలో పుట్టే పదార్థాలే (మెటబొలైట్లు) ఫ్లోను పెంచడం. పని పెరిగితే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) విరుగుతది, అడినోసిన్ బయటికొస్తది, ఆర్టెరియోల్ (సన్నటి ధమని) కండరం సడలుతది, ఫ్లో పెరుగుతది. అడినోసిన్ ఒక్కదానితోనే ఆపొద్దు. దాన్ని బ్లాక్ చేసినా వ్యాయామంలో ఫ్లో పెరుగుతూనే ఉంటది. అందుకే పొటాషియం, హైడ్రోజన్ అయాన్లు, కార్బన్ డయాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కూడా రాయాలె. సింపథెటిక్ ఆ తర్వాత. వైవాలో అడిగేది ఇదే: సింపథెటిక్ నరాన్ని స్టిమ్యులేట్ చేస్తే ఫ్లో ఎందుకు పెరుగుతది? గుండె పని పెరిగి మెటబొలైట్లు వస్తయి కాబట్టి. ముందే బీటా బ్లాకర్ (ఆ నరం గుండె పనిని పెంచకుండా ఆపే మందు) ఇచ్చి చూస్తే ఆల్ఫా ప్రభావం (నాళాల మీద ఆ నరం నేరుగా చూపే ప్రభావం) బయటపడి నాళాలు కుంచించుకుంటయి.

ఆటోరెగ్యులేషన్‌కు రెండు లైన్లు చాలు: పర్‌ఫ్యూజన్ ప్రెషర్ (రక్తాన్ని నాళాల్లోకి నెట్టే ప్రెషర్) సుమారు 60 నుంచి 140 ఎంఎంహెచ్‌జీ మధ్య మారినా ఫ్లో దాదాపు అంతే ఉంటది.

ఫేజిక్ ఫ్లో (గుండె కొట్టుకునే దశను బట్టి మారే ఫ్లో) గ్రాఫ్ మాత్రం తప్పకుండా గీయండి. సిస్టోల్‌లో (గుండె ముడుచుకున్నప్పుడు) అయోర్టాలో ప్రెషర్ 120, లెఫ్ట్ వెంట్రికిల్‌లో 121. కండరం లోపలి పొర, అంటే సబ్ ఎండోకార్డియం, నలిగిపోయి అక్కడికి రక్తం దాదాపు ఆగిపోతది. డయాస్టోల్‌లో (గుండె సడలినప్పుడు) అయోర్టాలో 80, లెఫ్ట్ వెంట్రికిల్‌లో 0. అందుకే ఎడమవైపు ఫ్లో ఎక్కువగా డయాస్టోల్‌లోనే. రైట్ వెంట్రికిల్‌లో ప్రెషర్ తక్కువ కాబట్టి అక్కడ రెండింట్లోనూ వస్తది. గుండె రేటు నిమిషానికి 75 ఉంటే డయాస్టోల్ 0.53 సెకన్లు, 200 అయితే 0.14. టాకీకార్డియాలో (గుండె వేగంగా కొట్టుకున్నప్పుడు) కావాల్సిన ఆక్సిజన్ పెరిగి, అందే సమయం తగ్గుతది. ముందు దెబ్బతినేది సబ్ ఎండోకార్డియమే.

క్లినికల్ ప్రశ్న ఇట్లా వేసుకుని ప్రాక్టీస్ చేయండి: ఒకరికి చెర్వుగట్టు గుడి మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసింది, నిలబడితే తగ్గింది. నాళం వ్యాసం 70 శాతం మూసుకున్నా రెస్ట్‌లో ఫ్లో సరిపోతది, ఎందుకంటే దాని కింది ఆర్టెరియోల్స్ ముందే వెడల్పయి ఉన్నయి. మెట్ల దగ్గర ఇంకా తెరవడానికి రిజర్వ్ లేదు. నాలుక కింద నైట్రోగ్లిసరిన్ పెడితే ముఖ్యంగా సిరలు సడలి ప్రీలోడ్ (ముడుచుకునే ముందు గుండెను నింపే రక్తం భారం) తగ్గుతది, డయాస్టోల్‌లో వెంట్రికిల్ ప్రెషర్ తగ్గి సబ్ ఎండోకార్డియానికి రక్తం అందుతది. ‘కరోనరీలను తెరుస్తది’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే సగం జవాబే.