పీపీటీతోపాటు ఆడియో, వీడియో కూడా వెళ్లాలంటే

ఇంట్లో చక్కగా వినిపించిన పద్యం స్కూల్లో ప్రొజెక్టర్ పెట్టాక వినిపించకపోతే అందరూ ముందు స్పీకర్లను అనుమానిస్తారు. చాలాసార్లు అసలు ఆ ఆడియో పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కి ఉండదు.

పవర్‌పాయింట్ 2007 వరకు వీడియో ఎప్పుడూ పీపీటీకి బయటే ఉండేది. స్లైడ్‌లో ఉండేది అది ఏ ఫోల్డర్‌లో ఉందన్న చిరునామా మాత్రమే. 2010 నుంచి ఇన్సర్ట్ నొక్కితే వీడియో లోపలికే వచ్చేస్తుంది. అయితే ఆ బటన్ పక్కన ఉండే చిన్న బాణం నొక్కితే 'లింక్ టు ఫైల్' ఇప్పటికీ ఉంది. అది ఎంచుకుంటే మళ్లీ పాత కథే. ఏళ్ల తరబడి ఒకే పీపీటీని మార్చుకుంటూ వాడేవాళ్ల ఫైళ్లలో ఇలాంటి లింకులు ఎక్కువ.

లోపల ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోవచ్చు. 60 ఎంబీ వీడియో పెట్టిన పీపీటీ సైజు 2 ఎంబీ చూపిస్తోందంటే వీడియో లోపల లేనట్టే. కచ్చితంగా తెలియాలంటే ఫైల్‌కి ఒక కాపీ తీసి, పేరు చివర పీపీటీఎక్స్ తీసేసి జిప్ అని పెట్టండి. తెరిస్తే పీపీటీ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్ ఉంటాయి. మీరు పెట్టిన ఫైల్ అక్కడ 'మీడియా1' లాంటి పేరుతో కనిపించాలి. బొమ్మలు మాత్రమే కనిపిస్తే అది బయటే ఉండిపోయింది.

అప్పుడు ఫైల్, ఇన్ఫోలోకి వెళ్లి 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' తెరవండి. వీడియో అదే కంప్యూటర్లో ఉండగానే 'బ్రేక్ లింక్' నొక్కాలి. పేరు చూస్తే తెగిపోతుందేమో అనిపిస్తుంది కానీ, నిజానికి వీడియో లోపలికి చేరేది దానివల్లే. పేరు చివర పీపీటీ అని మాత్రమే ఉన్న పాత రకం ఫైలైతే ముందు పీపీటీఎక్స్‌గా సేవ్ చేసుకోండి.

లోపల ఉన్నా ఆడకపోవడం ఇంకో సమస్య. ఎంపీ4 అన్నది పైన డబ్బా పేరు మాత్రమే, లోపల వీడియోని కుదించిన పద్ధతి హెచ్.264 ఆ, హెచ్.265 ఆ అన్నదే ముఖ్యం. కొత్త ఫోన్లు తరచుగా హెచ్.265లో తీస్తాయి. దానికి కావలసిన కోడెక్ (ఆ వీడియోని విప్పి చూపించే సాఫ్ట్‌వేర్) లేని విండోస్‌లో శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టి తీయండి. ఇప్పటికే తీసేసిన వీడియోని వీఎల్‌సీ ప్లేయర్‌లో మీడియా మెనూ కింద 'కన్వర్ట్' ద్వారా హెచ్.264 ఎంపీ4గా మార్చుకోవచ్చు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఓపస్ రకం. దాన్ని కూడా ఎంపీ3గా మార్చాకే స్లైడ్‌లో పెట్టండి.

సైజు ఎక్కువైతే ఇన్ఫోలో 'కంప్రెస్ మీడియా' ఉంది. తరగతి గదికి 720పీ చాలు. అసలు ఫైల్ మాత్రం పక్కన దాచుకోండి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అటాచ్‌మెంట్ బదులు డ్రైవ్ లింకు వెళ్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. గ్యాలరీ నుంచి వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ ఉన్న ఒక్క ఫైల్ పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ వాడాలి.

అందుకున్నవాళ్లకు కూడా రెండు మాటలు చెప్పి పంపండి. పీపీటీని, మిగతా ఫైళ్లను కలిపి జిప్ చేసి పంపినప్పుడు, ఆ జిప్ లోపలే పీపీటీని డబుల్ క్లిక్ చేస్తే పక్కనున్న ఫైళ్లు దానికి దొరకవు, ముందు అంతా ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి. మెయిల్ నుంచి దిగిన ఫైల్ పైన పసుపు పట్టీ వస్తే 'ఎనేబుల్ ఎడిటింగ్' నొక్కాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండీ శబ్దం రాకపోతే హెచ్‌డీఎంఐ వైరు చూడండి. అది తగిలించగానే విండోస్ శబ్దాన్ని ప్రొజెక్టర్‌కి మళ్లించేస్తుంటుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, మీ స్పీకర్లను మళ్లీ ఎంచుకోండి.