ముస్లీన్ అంటే మస్లిన్ కాదు

పారిస్‌లో నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఊళ్ళో వాళ్ళకు చెప్పాలంటే కొంచెం తడుముకుంటాను. బట్టల కంపెనీ ఆఫీసులో కూర్చుని, ఒక చొక్కా ఎలా కుట్టాలో ఫ్రెంచిలో రాసిన కాగితాలను ఇంగ్లీషులోకి మారుస్తాను. వాటిని ఇక్కడ దొసియే తెక్నీక్ అంటారు, ఫ్యాక్టరీల్లో టెక్ ప్యాక్ అంటారు. బొమ్మ, కొలతలు, బట్ట, దారం, కుట్టు, గుండీ, లేబుల్ అన్నీ అందులోనే ఉంటాయి. బెంగళూరులోనో ఢాకాలోనో మిషన్ ముందు కూర్చున్న మనిషికి ఆ చొక్కా గీసిన డిజైనర్ ఎవరో తెలియదు. నేను రాసిన ఇంగ్లీషు ముక్కే అందుతుంది. అదీ అక్కడి సూపర్‌వైజర్ తన భాషలో చెబితే.

ఈ సంగతి మొదటి ఏడాది దెబ్బ తగిలితే గానీ నాకు తెలియలేదు.

ఒక గౌనుకు అస్తరు 'ముస్లీన్' అని ఉంది. నేను మస్లిన్ అని రాశాను. రెండూ ఒకే మాట లాగే ఉన్నాయి, రెండింటికీ మూలం మోసుల్ పట్టణం పేరే. అనుమానం రాలేదు, డిక్షనరీ తెరవలేదు. రెండు వారాలకు శాంపిల్ వచ్చింది. పైన పాలియెస్టర్ బట్ట, లోపల తెల్లటి నూలు మస్లిన్. గౌను ఒంటి మీద వాలడం లేదు, బిగదీసుకుని నిలబడింది. ఇక్కడ గౌన్ల దగ్గర ముస్లీన్ అంటే మనం షిఫాన్ అనే పల్చటి, జారుడు బట్ట అని ఆ రోజు తెలుసుకున్నాను.

బెంగళూరు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. అక్కడ మా ఆర్డర్లు చూసే మర్చండైజర్‌ది హిందూపురం. నా పేరు చూసి తెలుగులోనే మొదలుపెట్టాడు. "మేడమ్, మస్లిన్ అని మీరే రాసినారు కదా?" అన్నాడు. అవును, తప్పు నాదే అన్నాను. ఆ శాంపిల్ ఎవరు కుట్టారని అడిగాను. "శాంపిల్ రూములో ఒకామె మేడమ్. కొరియర్ టైముకు పోవాలని ఆదివారం కూడా వచ్చి పూర్తి చేసింది" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ కూడా పండగల ముందు రాత్రిళ్ళు కాలి మిషన్ తొక్కుతూ జాకెట్లు కుట్టేది. ఎవరో కొలత తప్పు చెప్పినా విప్పి మళ్ళీ కుట్టేది అమ్మే. రెండోసారి కుట్టినందుకు ఎవరూ డబ్బులిచ్చేవాళ్ళు కాదు.

అప్పటి నుంచి ప్రతి మాటనూ అనుమానంగా చూడటం అలవాటయింది. షిఫాన్‌నే తీసుకోండి. ఆ మాట ఇంగ్లీషుకు ఫ్రెంచి నుంచే వెళ్ళింది. కానీ ఫ్రెంచిలో 'షిఫోఁ' అంటే బల్ల తుడిచే పాత గుడ్డ. దీనికి తోడు, అసలు బట్ట కోసే ముందు కొలత చూసుకోవడానికి కుట్టే ముతక నమూనాను ఫ్రెంచివాళ్ళు 'త్వాల్' అంటే అమెరికావాళ్ళు మస్లిన్ అంటారు.

ఇలాంటివి ఎన్నో. 'వెస్త్' అంటే కోటు లాంటి జాకెట్. అమెరికాలో వెస్ట్ అంటే చేతుల్లేని కోటు, లండన్‌లో అదే మాటకు బనీను. ఇక మా గోదావరి జిల్లాల్లో జాకెట్టు అంటే రవిక. 'రోబ్' అంటే గౌను, ఇంగ్లీషు రోబ్ మాత్రం స్నానం చేశాక వేసుకునేది. ఫ్రెంచి 'స్లిప్' లోపల వేసుకునే డ్రాయరు, ఇంగ్లీషు స్లిప్ లోపలి లంగా. 'మరోఁ' రంగును మెరూన్ అని రాస్తే కాఫీ రంగు రావలసిన చోట వంకాయ ఎరుపు వస్తుంది. ఒకసారి నేను అలాగే రాశాను. పక్కన పాంటోన్ నంబరు, అంటే ఒక్కో రంగుకు ఇచ్చే అంకె, ఉండబట్టి ఫ్యాక్టరీ వాళ్ళు ఆగి అడిగారు. అంకెలకు భాష లేకపోవడం ఎంత మేలో అప్పుడు తెలిసింది.

అన్ని అంకెలకూ ఆ మాట వర్తించదు. ఫ్రెంచివాళ్ళు దశాంశానికి కామా పెడతారు, 1,5 సెంటీమీటర్లు అని రాస్తారు. ఆ కామా కంటికి ఆనకపోతే 15 అవుతుంది. ఇక్కడి 38 సైజు లండన్‌లో 10, న్యూయార్క్‌లో 6. ఛాతీ కొలత అని ఉన్న చోట అది చుట్టుకొలతా, బట్టను బల్ల మీద పరిచి తీసిన సగమా అన్నది వరుస వరుసకూ చూసుకోవాలి.

నాకు ఈ పని నేర్పింది డిక్షనరీ కాదు. మా ఆఫీసులో ప్యాటర్న్‌లు, అంటే బట్ట కత్తిరించడానికి నమూనాలు, గీసే పెద్దావిడ ఉండేది. మోదెలిస్త్ అంటారు ఆ ఉద్యోగాన్ని. ఆవిడ వయసంతా పారిస్ రెండో వార్డులోని సాంతియే వీధుల్లోనే గడిచింది. ఒకప్పుడు ఆ పేట నిండా కుట్టు వర్క్‌షాపులే. తూర్పు యూరప్ యూదులు, ఉత్తర ఆఫ్రికా వాళ్ళు, టర్కీ వాళ్ళు, చైనావాళ్ళు తరం వెంట తరం వచ్చి కుట్టిన చోటు. బట్టల తానులు మోయడానికి తోపుడు బండ్లతో కేర్ కూడలి దగ్గర నిలబడే వాళ్ళలో మన ఉపఖండం వాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు.

ఆవిడను నేను మదామ్ అనేదాన్ని, ఆవిడా నన్ను 'మీరు' అనే అనేది. ఒకరోజు 'సూత్‌నీర్ లా తెత్ ద మాంష్' అని ఉంటే, చెయ్యి తలకు ఆధారం ఇవ్వాలి అన్నట్టు రాసుకుని తీసుకెళ్ళాను. కంప్యూటర్ కూడా అదే చెప్పింది. ఆవిడ ఏమీ అనలేదు. ఒక చేతి ముక్క, ఒక ఒంటి ముక్క తీసుకుని నా ముందు పెట్టింది. చేతి ముక్క పై వంపు చంక చుట్టుకొలత కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ ఎక్కువను కుచ్చు రాకుండా, ముడత పడకుండా వేళ్ళతో నొక్కుతూ కుట్టులోకి సర్దాలి. చూడగానే గుర్తుపట్టాను. అమ్మ చేసేది ఇదే. "ముడత కనబడకూడదు, బట్ట మాత్రం లోపలికి పోవాలి" అనేది. ఇంగ్లీషులో దీనికి ఈజ్ అన్న చిన్న మాట ఉంది. ఆ మాట నాకు తెలుసు, కానీ పని కళ్ళారా చూస్తే గానీ ఈ రెండూ ఒకటేనని తట్టలేదు.

ఆ తర్వాత నా నోట్‌బుక్‌లో ఫ్రెంచికీ ఇంగ్లీషుకూ మధ్య తెలుగు వరుస ఒకటి చేరింది. ముందు ఆ మాట అమ్మ మిషన్ దగ్గర ఏమయ్యేదో రాసుకుంటాను, తర్వాతే ఇంగ్లీషు. 'షెన్', 'త్రామ్' అంటే పడుగు, పేక. షెన్‌ను గొలుసు అనుకుంటే పని చెడుతుంది. 'పత్రోఁ' అంటే మామూలు ఫ్రెంచిలో యజమాని, ఇక్కడ మాత్రం కత్తిరింపుకు గీసే నమూనా. 'పియే ద కోల్' అంటే కాలర్ పాదం కాదు, కాలర్ నిలబడే పట్టీ. 'ఫ్లూ' అంటే మసక, కానీ ఫ్యాషన్ కంపెనీల్లో ఫ్లూ విభాగమంటే పల్చటి జారుడు బట్టలతో గౌన్లు కుట్టే చోటు. 'పత్ ద బుతొనాజ్'లో పత్ అంటే జంతువు కాలు అని డిక్షనరీ మొదటి అర్థం. మనకు అది గుండీల పట్టీ. పత్, పట్టీ మధ్య చుట్టరికం ఏమీ లేదు, చెవికి కలిసిందంతే. అయినా ఆ ఒక్కటీ నేనెప్పుడూ మరచిపోను.

అంచు దారాలు బయటికి కనబడకుండా లోపలికి మూసేస్తూ రెండుసార్లు వేసే కుట్టును ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచి కుట్టు అంటారు. ఫ్రెంచివాళ్ళు దాన్నే ఇంగ్లీషు కుట్టు అంటారు. మక్కీకి మక్కీ దించితే ఎక్కడికో పోతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ నాకు దొరకలేదు.

మదామ్ రిటైరయ్యే ముందు ఏడాది ఒక చొక్కా ఫైల్లో బట్ట పేరు దగ్గర ఆగిపోయాను. 'మదపోలామ్' అని ఉంది. సన్నటి, నున్నటి తెల్ల నూలు బట్ట అని ఆవిడ చెప్పి, ఏదో పాత కాలపు మాట అంది. నేను రెండుసార్లు పైకి చదువుకున్నాను. మాది నరసాపురం. మా పక్కనే గోదావరి ఒడ్డున మాధవాయిపాలెం. పడవ రేవుకు వెళ్ళే దారి. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ కోఠీ, అంటే వర్తక కేంద్రం, పెట్టి నేత బట్ట కొనేది. ఆ ఊరి పేరే వాళ్ళ నోట మదపోలం అయింది, బట్టకు పేరయింది, ఫ్రెంచి డిక్షనరీలోకి కూడా ఎక్కింది. ఫ్రెంచివాళ్ళు కూడా దూరంలో లేరు, 1669లోనే మచిలీపట్నంలో కోఠీ తెరిచారు. మన అద్దకం బట్టల మోజు ఇక్కడ ఎంత పెరిగిందంటే, 1686 నుంచి 1759 దాకా ఫ్రాన్సులో వాటిని నిషేధించారు. ఇదంతా మదామ్‌కు ఒక్క ఊపిరిలో చెప్పాను. ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఊరు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గోదావరి మలుపును చాలాసేపు చూసింది.

ఆ టెక్ ప్యాక్‌లో మదపోలం అనే రాశాను. పేరును పడేసి ఉత్త నూలు బట్ట అని రాయడానికి చెయ్యి రాలేదు. రెండో రోజు బెంగళూరు నుంచి హిందూపురం అబ్బాయి మెసేజ్. ఈమధ్య మేడమ్ పోయి అక్కా అయింది. "అక్కా, మదపోలం అంటే ఏం బట్ట? ఇక్కడ ఎవరికీ తెలీదు. కేంబ్రిక్ ఇచ్చేదా?"

వెంటనే ఫోన్ చేశాను. సాదా నేత, సన్న నూలు, ముట్టుకుంటే మెత్తగా ఉండాలి, గంజి తక్కువ అని వివరంగా చెప్పాను. బట్ట ముక్క ఫొటో కూడా పంపాను. కేంబ్రిక్ మెరుపు ఎక్కువ, వద్దన్నాను. శాంపిల్ రూములో ఆమెకు ఫొటో చూపించి, నా మాటగా ఇదంతా చెప్పమన్నాను. ఆ ఊరు ఎక్కడుందో కూడా చెప్పమన్నాను.